పుట్టువెంట్రుకల పొట్లం

మా మేడ మీద కిరాయికి ఉండే జువాలజీ సార్ రెండు వారాల కిందట పోయారు. పొద్దున కాఫీ తాగి, పేపరు మడిచి, కుర్చీలో అలాగే ఒరిగిపోయారు. కొండాపూర్‌లో మా వీధికి ఆయన రిటైరైన లెక్చరర్, కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. నాకు మాత్రం, నేను పిచ్చిదాన్ని కాకుండా కాపాడిన మనిషి.

రెండేళ్ళ కిందట మెదడువాపు జ్వరంతో మా మూడేళ్ళ బాబు పోయాడు. ఆ రోజుల్లోనే, విదేశాల్లో ఒక గొర్రెకి, దాని ఒంట్లోని కణంతోనే, అచ్చం అలాంటి నకలు పుట్టించారని పేపర్లో వచ్చింది. గొర్రె అయితే మనిషి ఎందుకు కాడు అనుకున్నాను. యాదగిరిగుట్టలో బాబుకి పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు, దేవుడికి ఇవ్వాల్సిన వాటిలోంచి ఒక పాయ దొంగతనంగా కొంగున కట్టి తెచ్చి దాచుకుని ఉన్నాను. ఆ పొట్లం పట్టుకుని మేడెక్కాను.

"సార్, మావోణ్ణి మల్ల పుట్టియ్యనీకి అయితదా? యాడికి పొమ్మన్నా పోత."

ఆయన నవ్వలేదు. "కత్తిరించిన వెంట్రుకతో అయ్యే పని కాదమ్మా. కానీ ఆ మాట చెప్పి తప్పించుకుంటే నిన్ను మోసం చేసినట్టే. రేపు కుదిరినా నేను వద్దనే అంటాను. పుట్టేది మీ బాబు కాదు, ఇంకో పిల్లాడు. వాడు నవ్వినా ఏడ్చినా నువ్వు మీ బాబునే వెతుక్కుంటావు. మరి వాణ్ణి ఎవరు చూస్తారమ్మా?"

"మీకేంది సార్, మస్తు చెప్తరు! కడుపుకోత నాది!" అని అరిచి, పొట్లం అక్కడే విసిరేసి దిగొచ్చాను. నెల రోజులు ఆయన మొహం చూడలేదు. ఆయన మాత్రం రోజూ నీళ్ళ మోటారు వేయడానికి కిందికొచ్చి, "తిన్నావా అమ్మా?" అని అడిగేవారు. నేను తలుపు వేసుకున్నా మర్నాడు మళ్ళీ అడిగేవారు.

హైటెక్ సిటీ కోసం బండలు పేలుస్తుంటే మా కిటికీలు అదిరే రోజులవి. కాలనీ మీటింగులో ఈ నకళ్ళ మీద పెద్ద వాదన లేచింది. నకలు కోసం ల్యాబులో వాడే పిండమంటే నాలుగు కణాలు, దాన్ని ఏం చేసుకుంటే ఏమన్నాడు ఒక కుర్ర ఇంజనీరు. దేవుడి పనిలో వేలు పెట్టొద్దన్నాడు ఇంకో పెద్దాయన. సార్ లేచారు.

"రోగాలకి మందు దొరుకుతుందంటే పిండం మీద పరిశోధన వద్దని నేను గట్టిగా అనలేనండి. ఎంతవరకు అన్నది నాకూ తేలలేదు. కన్నవాళ్ళని అడక్కుండా మాత్రం ముట్టుకోకూడదు. ఒక మనిషికి బదులుగా ఇంకో మనిషిని పుట్టించకూడదు."

నా ఊసు ఎత్తలేదు. నా వైపు చూడను కూడా లేదు. ఇంటికొచ్చి, బాబు పోయాక మొదటిసారి గట్టిగా ఏడ్చాను.

ఆ తర్వాత పాప పుట్టింది. వచ్చినవాళ్ళందరూ "అచ్చం అన్ననే! వాడే మల్ల వచ్చిండు" అనేవారు. సార్ పాపని ఒళ్ళో పెట్టుకుని, "కాదండీ, ఈవిడ కొత్తగా వచ్చింది" అనేవారు. వాళ్ళు ఎన్నిసార్లు అంటే అన్నిసార్లూ దిద్దేవారు. ఆయన అలా అనడం వినీ వినీ, నా బిడ్డని నేను చూడడం నేర్చుకున్నాను.

పదకొండో రోజు కార్యం అయ్యాక, ఆయన అలమర సర్దుతూ వాళ్ళావిడ నన్ను పైకి పిలిచారు. ఈకలు, గవ్వలు, ఎండిన పురుగులు. ప్రతిదానికీ అదేమిటో, దాన్ని ఏం చేయాలో చీటీ రాసి అంటించడం ఆయన అలవాటు. వాటి మధ్య నా పొట్లం ఉంది, దారం చుట్టి, చీటీ అంటించి.

"బాబు జుట్టు. వాళ్ళమ్మ అడిగినప్పుడు ఇవ్వాలి."

రెండేళ్ళూ నేను అడగనే లేదు.

వచ్చే నెల పాపకి గుట్టలో పుట్టువెంట్రుకలు తీయిస్తున్నాం. ఆ పాయ కూడా అక్కడే ఇచ్చేస్తాను. ఈసారి పాపది ఒక్క వెంట్రుక కూడా దాచుకోను. చీటీ మాత్రం ఎవరికీ ఇవ్వను. ఇందాక పాప దాన్ని లాక్కోబోతే చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను. ఆకుపచ్చ సిరా, గుండ్రటి అక్షరాలు. అది అందక, పాప నా చెయ్యి పట్టుకుని తనంతట తాను లేచి నిలబడింది.