బమ్రోలి బస్సులో ఓటు లేనివాడు

ఓటు లేకుండానే ఓట్ల బస్సెక్కినవాణ్ణి నేను. మా బావమరిది రాజేశం మీద కుళ్ళుతోనే ఎక్కానని ముందే ఒప్పుకుంటున్నాను. అది దాచిపెడితే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు.

సూరత్‌లో నేనుండేది కతార్‌గాంలో. ఇల్లు కొన్న ఏడాదే, జగిత్యాల పక్కన మా ఊళ్ళో ఉన్న ఓటును ఇక్కడికి మార్పించుకున్నాను. రాజేశం బమ్రోలిలో కిరాయి గదిలో ఉంటూ పాండేసరాలో మగ్గాలు నడుపుతాడు. అతని ఓటు ఊళ్ళోనే ఉండిపోయింది. ఉండేదొకచోట, ఓటింకోచోటా అని పదేళ్ళు ఎగతాళి చేశాను. తీరా గత పార్లమెంటు ఎన్నికల్లో మా సూరత్ సీటుకు పోలింగే లేకపోయింది. ఒకరి నామినేషన్ చెల్లలేదు, మిగతావాళ్ళు తప్పుకున్నారు, మిగిలిన ఒక్కరూ ఏకగ్రీవం. బమ్రోలి వేరే సీటు కిందికి వస్తుంది కాబట్టి అక్కడివాళ్ళు వేలికి సిరా పూయించుకుని నా ముందే తిరిగారు. మా ఊళ్ళో పోలింగ్ ఆ తర్వాతి విడతలో. వారం తిరక్కుండా రాజేశానికి ఊరి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మాజీ సర్పంచ్ బస్సు పెట్టాడట, రమ్మని బతిమాలుతున్నాడట. నన్ను బతిమాలేవాడు దేశంలో ఒక్కడూ లేడు. కడుపు మండిపోయింది.

ఊరి జాబితాలో నా పాత పేరు కొట్టేసి ఉండరులే అనుకున్నాను. ఫోన్లో చూసుకుంటే నిమిషం పని. లేదని తేలితే వెళ్ళడానికి సాకు పోతుందని చూసుకోలేదు. ఆ ఎన్నికల్లో ఎలాగైనా నా వేలితో ఒక బటన్ నొక్కాలి, అంతే.

పోలింగ్ ముందురోజు మధ్యాహ్నం రెండింటికి బస్సు బమ్రోలిలో కదిలింది. సర్పంచ్ మనిషి లింగం కాగితం చూసి పేర్లు పిలిచి సీట్లిచ్చాడు, మెడలో కండువాలు వేశాడు. రాజేశానికి కిటికీ పక్క సీటు. కాగితంలో లేని నన్ను డ్రైవరు వెనక పెట్టె మీద కూర్చోమన్నారు. రాజేశం లేచి తన సీటివ్వబోయాడు. జాలి చూపిస్తున్నాడని ఇంకా మండి, వద్దన్నాను. మూడింటికి బార్డోలీలో చాయ్, ఎనిమిదింటికి ధులే దాటాక ధాబాలో రొట్టెలు, పప్పు. పెట్టె మీద నడుము విరిగిపోయింది. అతను మాత్రం కిటికీకి తల ఆనించి తెల్లవార్లూ గుర్రుపెట్టాడు.

పొద్దున ఆరింటికి నాందేడ్. తొమ్మిదిన్నరకు ఆర్మూర్‌లో ఆగినప్పుడు లింగానికి ఫోనొచ్చింది. మాట్లాడి, అందరి మెడల్లోంచి కండువాలు తీసి సంచిలో కుక్కాడు. సర్పంచ్ రాత్రే పార్టీ మారాడట. నిన్నటిదాకా తిట్టినవాళ్ళకే ఇవాళ వెయ్యాలట. వెనక సీటు పెద్దాయన, ఆ పార్టీ నుంచి నిలబడ్డ అభ్యర్థి అయినా పోయినసారి ఉన్న పార్టీలోనే ఉన్నాడా అని అడిగాడు. లేడు, ఆయనా మారాడు. ఎవరు ఎటున్నారో బస్సులో ఎవరికీ తెలియలేదు. నాకు తెలుసు. రోజూ పేపరు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే.

పదకొండున్నరకు ఊళ్ళో బడి దగ్గర దిగాం. ఎండ నెత్తి మాడుస్తోంది. ఓటరు చీటీలిచ్చే బల్ల దగ్గర కూర్చున్న మా ఊరామె జాబితాలో పైనుంచి కిందికి రెండుసార్లు చూసింది.

"మీరు సూరత్‌కు మార్చుకున్నరు గద సార్. ఆడ్నే వెయ్యాలె."

అక్కడ పోలింగే లేదని చెప్పాను. దానికి తానేం చేస్తానని అడిగింది. ఆమె తప్పేముంది. రాజేశం తన చీటీ పట్టుకుని నా పక్కకు వచ్చాడు. అతనికి చదువు రాదు. ఇన్నేళ్ళూ ప్రతి ఎన్నికకూ నాకు ఫోన్ చేసి అడిగి మరీ వేసినవాడు.

"బావా, అందరు మారిరి. నాకేం సమజైతలేదు. ఎవలకెయ్యాలె, నువ్వు జెప్పు."

ఎవరికి వేయాలో నాకు బాగా తెలుసు. పదిహేను రోజులుగా మనసులో అనుకుంటున్న పేరది. కానీ అతని చేతిలో చీటీ ఉంది, నా చేతిలో లేదు.

"నీ ఓటు, నీ ఇష్టం," అని గోడ నీడకు పోయి కూర్చున్నాను.

మీలో ఎవరైనా ఇలాంటి బస్సెక్కితే తిరుగు ప్రయాణం సంగతి ముందే చూసుకోండి. ఓట్లు పడగానే లింగం ఫోనెత్తలేదు, బస్సు మాయం. మర్నాడు ఆర్టీసీలో నిజామాబాద్ పోయి, ప్రైవేటు బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. రాజేశం దారంతా ఎడమ చేయి పిడికిలి విప్పలేదు. సిరా నా కంట పడకూడదని. అదీ నాకు కంటగింపే అయింది. రెండో రోజు పొద్దున గుజరాత్‌లో అడుగుపెట్టాక ఉండబట్టలేక, ఎవరికేశావురా అని అడిగాను.

"నువ్వు జెప్పకపోతివి గద బావా. జర సేపు అట్లనే నిలబడ్డ. పార్టీలు సమజుగాక, అన్నిటికన్న కింది బటన్ ఒత్తిన. అదైతే ఎవలకూ గాదట గద."

బటన్ నొక్కాలనే అంత దూరం పోయాను. తీరా రాజేశం చేత నేను నొక్కించింది మాత్రం నోటా.