మచ్చల ఆకు, మసాలా దోశ

మా కాలంలో ఆకు అంటే రెండే రకాలు: జీవాలు తినేది, తిననిది. చూసి సంతోషపడడానికి కూడా ఆకును పెంచుతారని, దాన్ని కుండీతో సహా కొనుక్కొచ్చి వసారాలో పెట్టుకుంటారని పెళ్లయి తాండూరు వచ్చేదాకా నాకు తెలియదు. మాది బషీరాబాద్ పక్కన పల్లె, గొర్రెలు కాచే ఇల్లు. మంద కొత్త చోట దిగితే మా నాయన ముందుగా అక్కడి ఆకు ఒకటి తెంపి, నలిపి, వాసన చూసి, కొసన కొరికి ఉమ్మేసేవాడు. ఆయన తల ఊపితేనే గొర్రెలు మూతి పెట్టాలి. ఆ విద్య నాకు నడకతో పాటే వచ్చింది. రానిదల్లా చదువు. కానీ సంబంధం కుదిర్చిన మా మేనమామ "పిల్ల నాలుగు దాక సదివింది" అని నిండు పంచాయితీలో చెప్పేశాడు (ఆయనకూ చదువు రాదు, కాబట్టి అది ఎంత పెద్ద అబద్ధమో పాపం ఆయనకు తెలియదు).

మా ఆయన తాండూరు స్టేషన్‌లో సామాన్ల లెక్క రాసే పనిలో ఉండేవాడు. నన్ను చేసుకున్నదే ఆ నాలుగు తరగతులు చూసి. అంగట్లో బెల్లం చుట్టి ఇచ్చిన పత్రిక ముక్కను కూడా పారేయకుండా సాపు చేసి, తను చదివి, "నువ్వు గుడ సదువు" అని నా చేతికిచ్చేవాడు. నేను గొర్రెలను లెక్కపెట్టినట్టు ఆ నల్లటి అక్షరాలను ఒక వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ పోయి, ఇంతసేపు చాలులే అనిపించినప్పుడు "ఊఁ" అని తిరిగి ఇచ్చేదాన్ని. ఏడాదిపాటు అలా నెట్టుకొచ్చాను. ప్రతి పొద్దూ ఇవాళ బయటపడతానేమో, మూట కట్టించి పుట్టింటికి పంపుతాడేమో అనే దిగులుతోనే పొయ్యి ముట్టించేదాన్ని.

అలాంటి రోజుల్లో ఆయనకు రెండు రోజులు సెలవు దొరికింది. "వికారాబాద్ పోదం. అక్కోళ్లింట్ల ఉందం. మన వసారలకు రెండు మొక్కలు కొందం, హోటల్ల తిందం" అన్నాడు. నాకు మొక్కల సంగతి పట్టలేదు. హోటల్ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. అత్తగారింట్లో అందరూ తిన్నాక చల్లారిన జొన్నరొట్టె తినే నేను, మొగుడికి ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఎవరో వండింది వేడివేడిగా తినబోతున్నాను. వారం రోజులు అదే ధ్యాస. ఇరుగుపొరుగుకు కూడా చెప్పుకున్నాను.

వికారాబాద్‌లో ఎవరో నవాబు వదిలేసి పోయిన బంగళా ఒకటి ఉండేది. దాని తోట చూసుకున్న ముసలి మాలీ అక్కడే ఉండిపోయి మొక్కలు పెంచి అమ్ముకునేవాడు. శనివారం పొద్దున వెళ్లాం. మా ఆయన ఎర్ర ఆకుల క్రోటన్ల ముందు కూలబడ్డాడు. మాలీ నీళ్ల డబ్బా నింపుకురావడానికి బావి దగ్గరికి పోయాడు. నేను ఒక పెద్ద కుండీ దగ్గర ఆగాను. చేటంత ఆకు, పచ్చటి దాని మీద పాలు చిలకరించినట్టు తెల్ల మచ్చలు. కుండీలో ఒక పుల్లకు చెక్కముక్క కొట్టి, దాని మీద తెలుగులో, ఉర్దూలో ఏదో రాసి గుచ్చారు.

"గా బోర్డు సూసినవానే?" అని మా ఆయన అటు నుంచి కేకేశాడు.

"సూసిన. మంచిగ రాసిండ్రు" అన్నాను.

అని, నా మానాన నేను ఆకు కొసను తెంపి, నలిపి, వాసన చూసి, కొరికాను.

ఉమ్మేశాను గానీ అప్పటికే ఆలస్యమైంది. ముందు నాలుక చివర చురుక్కుమంది. తర్వాత నోట్లో ఎవరో పిడికెడు సూదులు పోసి మూత పెట్టినట్టయింది. పెదవులు నా ముఖం మీద నాకంటే ముందు నడుస్తున్నాయి. కొంగు అడ్డం పెట్టుకున్నాను. చెబుదామంటే చెక్క మీద ఏం రాసి ఉందో అప్పటికి అర్థమైపోయింది. చదువు రాకపోయినా ఆ ఒక్క బోర్డు మాత్రం నా నోటికి బాగా తెలిసింది. ఆకు కొరికానంటే "బోర్డు సూసిన అన్నవు గద" అంటాడు. ఇక నా మూట, నా పుట్టిల్లు. క్రోటన్ ఒకటి, ఆ మచ్చల మొక్క ఒకటి రేపు తీసుకుపోతామని చెప్పి మా ఆయన హుషారుగా హోటల్ దారి పట్టాడు. వెనక నేను, నిండిన కుండలా నోరు మూసుకుని.

స్టేషన్ దగ్గర ఉడుపి హోటల్. ఆడవాళ్లు కూర్చోవడానికి ఆకుపచ్చ పరదా కట్టిన గది. గోడకు నల్లబల్ల, దాని మీద సుద్దముక్కతో ఆ పూట ఏమేం ఉన్నాయో రాశారు. మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి, వారం నుంచి దాచుకున్న మాట బయటపెట్టాడు.

"ఇయ్యాల నువ్వు సదువు, నేను ఇంటుంట. నువ్వు ఏది జెప్తె గది తెప్పిస్త."

నేను నల్లబల్ల వైపు చూశాను. నల్లబల్ల నా వైపు చూసింది. నోరు తెరిస్తే "బ్బ... బ్బ" అనే శబ్దం, దాంతోపాటు చొంగ వచ్చాయి. వెంటనే కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"సిగ్గెందుకే? ఎవ్వలున్నరు ఈడ? అలిగినవా ఏంది?"

తల అడ్డంగా ఊపాను. చివరికి తనే చదివాడు. ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా, కేసరి, మసాలా దోశ. ఒక్కొక్క పేరు నా గుండెల మీద నుంచి నడిచి పోయింది. నాలుక వాచినందుకు ఏడవాలో, అది వాచబట్టే చదవకుండా బయటపడ్డందుకు దండం పెట్టాలో తెలియలేదు. రెండు మసాలా దోశలు వచ్చాయి. నెయ్యి వాసన, ఎర్రగా కాలిన అంచు. ముక్క తుంచి పెదవికి ఆనిస్తే నిప్పు తగిలినట్టుంది. కళ్ల నుంచి నీళ్లు కారిపోయాయి. సర్వర్ వచ్చి "యాకమ్మా, బేడ్వా?" అన్నాడు, వద్దా అని. వద్దా! వారం రోజులు కలలో తిన్న దోశ. మా ఆయన తన దోశ తిని, పారేయడం పాపమని నాది కూడా తిన్నాడు. ఎంతో బాధపడుతూనే తిన్నాడు, చట్నీ రెండోసారి అడిగి మరీ.

"పండ్ల నొప్పి" అని సైగలతో ఆడబిడ్డకు అబద్ధం చెప్పి మజ్జిగతో ఆ పూట గడిపాను. ఆదివారం మొక్కల కోసం వెళ్తే మాలీ నా మూతి చూశాడు, మచ్చల మొక్కకు తెగిన ఆకు చూశాడు, మా ఆయనను పక్కకు పిలిచి ఉర్దూలో ఏదో చెప్పాడు. ఇద్దరూ నా వైపు తిరిగి చూశారు. బేరం ఆడుకుంటున్నారనుకున్నాను.

తిరుగు రైల్లో చెరో కుండీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. బండి ఆగింది. "ధారూర్" అన్నాడు, కిటికీలోంచి బోర్డు చూస్తూ. మళ్లీ ఆగింది. "రుక్మాపూర్." ఆ తర్వాత, "అక్కకు జాబు నేనే రాస్తలే. నీ చెయ్యెందుకు నొయ్యాలె" అన్నాడు. బతికిపోయాను, ఈయనకు ఏమీ తెలియలేదు అనుకున్నాను.

ఆనాటి నుంచి ఆయనకు అదో అలవాటైంది. ఎక్కడికి పోయినా కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదివేవాడు: దుకాణం పేరు, బస్సు ఊరు, మందు సీసా మీది కాగితం, హోటల్ గోడ. చదువుకున్నానని చూపించుకుంటున్నాడని లోలోపల విసుక్కునేదాన్ని. "నీ నోరు నొయ్యదా?" అని ఒకసారి అననే అన్నాను. నవ్వి, ఎదురుగా ఉన్న దుకాణం బోర్డు అందుకున్నాడు. పత్రిక ముక్క మాత్రం మళ్లీ నా చేతికివ్వలేదు.

ఆయన పోయిన రెండేళ్లకు, అరవై దాటాక, మా బిడ్డ నా చేత పలక పట్టించింది. అక్షరాలు కూడుకోవడం వచ్చాక గానీ నేను గమనించలేదు: చదువు వచ్చినవాళ్లెవరూ బోర్డులు పైకి చదవరు. కళ్లతో చూసి దాటిపోతారు.

మొన్న మా బిడ్డ నన్ను హోటల్‌కు తీసుకెళ్లింది. కార్డు నా చేతికిస్తే మొదటి నుంచి చివరిదాకా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, పైకి చదివాను. "అమ్మా, ఆకలైతుందే, జర జల్ది జెప్పు" అని అది ఒకటే గోల. మసాలా దోశ చెప్పాను. వేడిగా వచ్చింది, అంచు ఎర్రగా కాలింది. ఎదురుగా ఖాళీగా ఉన్న కుర్చీ వైపు చూసి కార్డు ఇంకోసారి చదివాను, ఈసారి కాస్త గట్టిగా.