పెద్దమ్మ పంచుకున్న విభూది

ఈ ఏడు, ఈస్టరు ముందరి ఉపవాసాలు మొదలయ్యే విభూది బుధవారం నాడు పొద్దుటి పూజ ముగించుకుని, నుదుటి మీద బూడిద శిలువతో తార్నాక మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కాస్త ఊపిరి తీసుకుందామని ఆగాను. మేము గుడి అని పిలుచుకునే మా చర్చిలో నాకు రెండు వరుసల ముందు కూర్చున్న అమ్మాయి, మెడలో యూనివర్సిటీ కార్డుతో అక్కడే నిలబడి, ఫోనునే అద్దం చేసుకుని తడి కాగితంతో నుదురు శుభ్రంగా తుడుచుకుంటోంది. నేను చూస్తున్నానని గమనించి, "క్లాసుల అందరు అడుగుతరు ఆంటీ, ఎంతమందికని చెప్పాలె" అని నవ్వి, మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు, ఎంతమందికని చెప్పాలన్న ఆ విసుగు నాకూ తెలిసిందే.

ఊరి నుంచి ట్రంకు పెట్టెతో పట్నానికి వచ్చి చదువుకున్న నా ఈడు వాళ్లకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఖమ్మం వైపు మా ఊళ్లో సగం ఇళ్లు మా క్యాథలిక్కులవే కాబట్టి, గుడి గంట మోగితే లేవడం, గంట మోగితే పడుకోవడం తప్ప మేము కొద్దిమందిమన్న సంగతి నాకు తట్టనే లేదు. మా అమ్మ నిండుగా కుంకుమ పెట్టుకునేది, మెడలో తాళికి చిన్న శిలువ ఉండేది, చెప్పులు గుడి బయట విడిచేవాళ్లం, మరియమ్మ పండుగకు కొబ్బరికాయ కొట్టేవాళ్లం. ఇదంతా ఎవరికైనా వివరించి చెప్పాల్సిన విషయమని ఎమ్మే చదవడానికి యూనివర్సిటీకి వచ్చాకే తెలిసింది.

ప్రార్థన కూటం నడిపే అమ్మాయిలు నా బొట్టు చూసి నేను క్రైస్తవురాలినేనా అని అనుమానపడేవాళ్లు, క్లాసు స్నేహితురాళ్లేమో నా జపమాల చూసి మరి బొట్టెందుకని అడిగేవాళ్లు. రెంటికీ చెడ్డ రేవడినై, ఇద్దరికీ సగం సగం జవాబులు చెప్పుకుంటూ తిరిగేదాన్ని. అయినా ఆ రోజులు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ ఇబ్బంది కాదు. పొద్దున్నే పూజకని క్యాంపస్ గుండా నడిచే దారి, మంచులో సగం కరిగినట్టుండే రాతి భవనం, ఎక్కడో కనపడకుండా అరిచే నెమలి, మాఘం చివర ఆకులన్నీ రాల్చుకుని ఎర్రగా నిలబడ్డ మోదుగులు, దూరంగా మల్కాజ్‌గిరి వైపు వెళ్లే రైలు కూత. ఆ దారిలో నడుస్తుంటే నిద్రలోనే ఉన్నానో, మేలుకున్నానో తెలిసేది కాదు. ఇప్పటికీ నాకు వచ్చే మంచి కలలన్నీ ఆ దారిలోనే మొదలవుతాయి.

హాస్టల్లో చోటు దొరకలేదు. గది దొరక్కపోతే చదువు కట్టిపెట్టి ఇంటికి వచ్చేయమన్నాడు నాన్న, ఆయన అన్నాడంటే అన్నట్టే. వారాసిగూడలో ఒక ఇల్లు, బౌద్ధనగర్‌లో ఒక ఇల్లు, నేను వెళ్లే గుడి ఏదో చెప్పగానే మర్యాదగానే తలుపు వేసుకున్నాయి. మూడోది తార్నాక సందులో ఒక పెంకుటిల్లు. ఆ ఇంటావిడ వ్యవసాయం వదిలి పట్నం చేరిన కుటుంబం మనిషి, ఆమె భర్తకు రైల్వేలో పని. నా బొట్టు చూసి, మాంసం వండనంటే తలూపి, పేరు కూడా సరిగా అడగకుండానే తాళంచెవి చేతిలో పెట్టింది. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. వారం తిరక్కుండానే ఆవిడ నాకు పెద్దమ్మ, ఆయన పెద్దబాపు అయిపోయారు. నా గదికీ ఆమె దేవుడి గూటికీ మధ్య ఒకటే గోడ, అటు హారతి గంట మోగుతుంటే ఇటు నేను పెదవులు కదలకుండా జపమాల తిప్పుకునేదాన్ని. పొద్దున్నే నేను వెళ్లేది చల్లగాలికి నడవడానికనుకునేది పెద్దమ్మ. ఎప్పుడైనా తెలిస్తే ట్రంకు పెట్టె సర్దుకోవాల్సిందే, దాంతో చదువూ సర్దుకోవాల్సిందే అన్న గుబులు మాత్రం నన్ను వదిలేది కాదు.

ఆ ఏడు శివరాత్రి, మా విభూది బుధవారం ఒకే రోజు వచ్చాయి. పూజ అయ్యాక, ఇల్లు చేరేలోపు ఎవరూ లేవరులే అనుకుని ఆ దారంట గబగబా నడిచి వచ్చాను, చెమటకు నుదుటి మీది శిలువ ఆకారం చెదిరిపోయింది. అప్పటికే పెద్దమ్మ తలస్నానం చేసి, వాకిట్లో పేడనీళ్ల సాంపి చల్లి ముగ్గు వేస్తోంది. నన్ను చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"శివుని గుడికి పోయినవా బిడ్డా? చెప్తే నేను గూడ వస్తుంటి గద."

అంటూనే ముగ్గుచెయ్యి కొంగుకు తుడుచుకుని, నా నుదుటి మీది బూడిద వేలితో ఇంత తీసుకుని, కళ్లు మూసుకుని తన నుదుట పెట్టుకుంది. అప్పుడు మౌనంగా ఉంటే గది నిలిచేది, ఇంకో ఏడాది చదువు నిలిచేది. కానీ ఉపవాసం ఉన్న మనిషి అంత భక్తిగా కళ్లు మూసుకుని పెట్టుకున్నది ఏమిటో ఆమెకు తెలియకుండా ఎలా ఊరుకోను? అది మా గుడిలో పెట్టిన విభూది అని, మేము క్యాథలిక్కులమని చెప్పేశాను. పెద్దమ్మ వేలు నుదుటి మీదే ఉండిపోయింది. "గిది దేని బూడిద?" అని మాత్రం అడిగింది. పోయిన ఏడు ఈస్టరుకు ముందు వచ్చే మ్రానికొమ్మల పండుగకు ఇంటికి తెచ్చుకుని, ఏడాదంతా దేవుడి పటం దగ్గర దాచుకున్న ఆకులను కాల్చిన బూడిదని చెప్పాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆ పగలంతా నేను కాలేజీకి పోలేదు. బట్టలు మడతపెట్టి ట్రంకు పెట్టెలో సర్దాను, పుస్తకాలు మాత్రం సర్దబుద్ధి కాక అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గోడ అవతల పెద్దబాపు గొంతు కాస్త గట్టిగానే వినిపించింది, తరువాత ఏమీ వినిపించలేదు. దీపాలు పెట్టే వేళకు పెద్దమ్మ తలుపు తోసుకుని వచ్చింది. ఆమె చూపు పెట్టె మీద పడింది, కానీ దాని ఊసెత్తలేదు.

"పొద్దటి సంది పొయ్యి ముట్టియ్యలేదు నువ్వు. తిన్నవా, లేదా?"

ఈ రోజు మాకూ ఉపవాసమే, సాయంత్రం ఒక్కసారే తింటామన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు గూడ ఒక్కపొద్దేనా? ముందుగాల చెప్పకపోతివి, గదే నాకు బాధైంది. ఒక్కపొద్దున్న మనిషిని ఇంట్లకెంచి పంపితె మాకు పాపం తాకుతది. రేపు మాట్లాడుకుందాం."

వెళ్లి, ఉడికించిన చిలగడదుంపలు పళ్లెంలో పెట్టి తెచ్చింది. ఆవిడ నియమానికీ నా నియమానికీ అడ్డురానివి ఆ దుంపలే. ఇద్దరం గడపకు అటూ ఇటూ కూర్చుని తిన్నాం. అప్పుడు చూశాను, పొద్దున నా నుంచి తీసుకున్న బూడిద ఆమె నుదుట అలాగే ఉంది. కడుక్కోలేదు.

మాట్లాడుకుందామన్న ఆ రేపు నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ రాలేదు. పెద్దబాపు మాత్రం కొన్నాళ్లు ముభావంగా ఉండి, ఒక ఆదివారం ఎండ ముదురుతోంది, మీ గుడికి గొడుగు పట్టుకుని పొమ్మని కసిరాడు, ఆయన పద్ధతిలో అది రాజీ అన్నమాట. మరుసటి ఏడు శివరాత్రి వేరే రోజు వచ్చింది. అయినా విభూది బుధవారం నాడు నేను తిరిగొచ్చేసరికి పెద్దమ్మ స్నానం చేసి గేటు దగ్గర నిలబడి ఉంది. చూపుడువేలు చాచింది, నేను తల వంచాను. చదువయ్యాక ఉద్యోగం కూడా ఈ చుట్టుపక్కలే దొరకడంతో, గది మారినా, పెళ్లయినా, ఆమె ఉన్నన్నాళ్లూ ఆ రోజు పొద్దున ఆ గేటు ముందు ఆగి తల వంచకుండా నేను ఇంటికి పోలేదు.

మొన్న మెట్రో దగ్గర నుదురు తుడుచుకున్న ఆ అమ్మాయి రైలెక్కి వెళ్లాక నా కాళ్లు వాటంతటవే ఆ సందులోకి తిరిగాయి. పెంకుటిల్లు పోయి చాలాకాలమైంది, అక్కడిప్పుడు నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు, గేటు దగ్గర కుర్చీలో వాచ్‌మన్. ఇప్పుడు గది కావాలంటే మీరు ఏమిటోళ్లని ఫోనులోనే అడిగేస్తారు, అబద్ధానికీ నిజానికీ రెంటికీ తావు లేదు, అలా అడిగేసిన వాళ్ల ముందు మనసు మార్చుకోవడానికి ఒక పగలు, ఒక సాయంత్రం ఎవరికుంటాయి? వాచ్‌మన్ లేచి, ఏ ఫ్లాటు అమ్మా అని అడిగాడు. ఎవరూ లేరు నాయనా అని వచ్చేశాను.

సాయంత్రం అద్దంలో చూసుకుంటే నుదుటి మీద శిలువ పొద్దున ఫాదర్ పెట్టింది పెట్టినట్టే, చెక్కుచెదరకుండా ఉంది. ఎవరి వేలూ తగలని ఆ నిండు శిలువను చూసి, నా గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.