నలభై మూడో పాట

ఆ రోజుల్లో కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే మా డ్రైవర్ల గొప్పతనం లైసెన్సులోనూ, బండి మోడల్లోనూ కాదు, పెన్‌డ్రైవ్‌లో ఉండేది. ఇప్పుడంటే ఫోను జేబులో ఉండగానే కారు దానంతటదే పాట అందుకుంటోంది. అప్పుడు అలా కాదు. శుక్రవారం సెలవు దొరికితే చాలు, సిటీలో సూక్ అనే బజారు పక్కనున్న ఓ ఇరుకు మొబైల్ షాపు ముందు బారులు తీరేవాళ్లం. మా గోదావరి మనిషే ఒకాయన అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని అందరికీ పాటలు ఎక్కించేవాడు. ఆయన్ని పాటల బాబాయి అనేవాళ్లం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. అమలాపురం దగ్గర ట్రాక్టరు తోలిన చేతులతో ఫింటాస్‌లో ఒక కువైటీల ఇంట్లో ఇంత పొడుగు కారు తోలుతున్నాను. నా పెన్‌డ్రైవ్‌లో నలభై రెండు పాటలు ఉండేవి. నిద్రలో లేపి అడిగినా వరస తప్పకుండా అప్పజెప్పేవాణ్ణి. (పదో తరగతి పరీక్షల్లో ఈ జ్ఞాపకశక్తి ఎక్కడికి పోయిందని మా మాస్టారు అడిగితే ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.)

ఆ ఇంట్లోనే వంటా ఇల్లూ చూసుకునే అక్క ఒకావిడ ఉండేది. రాయచోటి వైపు మనిషి. నాలుగేళ్ల కూతుర్ని ఊళ్లో ఆడపడుచు దగ్గర వదిలి వచ్చింది. అక్క ఫోను వారమంతా ఆ ఇంటి యజమానురాలు మేడం గదిలో ఉండేది, శుక్రవారం ఒక్కరోజే చేతికొచ్చేది. ఒక శుక్రవారం ఆ ఫోను నా చేతిలో పెట్టి, "తమ్ముడా, మా చిన్నమ్మి మాట్లాడింది పంపించినారు. దీన్ని నీ పాటల్లో యేసుకుంటావా? జమియాకి పొయ్యేటప్పుడన్నా ఇంటా" అంది. జమియా అంటే సరుకుల కోసం మేం వెళ్లే కొట్టు. వారంలో నాలుగుసార్లు ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్లడం నా పని. అలా పాటల బాబాయి చేతి మీదుగా అది నలభై మూడో పాటై కూర్చుంది. ఆ కూతురి గొంతు మొత్తం పది సెకన్లు లేదు. "మా, యెప్పుడొస్తావు మా? నాకి యెర్రగౌను తెస్తావా? బిన్నా రా మా!" అంతే. త్వరగా రమ్మనడానికి వాళ్లు బిన్నా రమ్మంటారని నాకప్పుడే తెలిసింది.

కారు మా వీధి మలుపు తిరగ్గానే వెనక సీట్లోంచి అక్క "పెట్టు తమ్ముడా" అనేది. పెట్టేవాణ్ణి. "ఇంగొకసారి" అనేది. జమియా చేరేలోపు ఇరవైసార్లు తిరిగేది. కొన్నాళ్లకి మేడం కూతురు, ఐదేళ్ల పిల్ల, చాక్లెట్ల ఆశతో మా వెంట రావడం మొదలెట్టింది. అక్క పక్కన కూర్చుని అదీ వినేది. ఒకరోజు మేడం కూడా కారెక్కింది. నేను నలభై రెండో పాట అయ్యాక ఆపడం మర్చిపోయాను. "బిన్నా రా మా!" అని కారంతా మోగింది. మేడం నల్ల కళ్లద్దాలు పైకి ఎత్తి, ఏమిటిదని అరబీలో అడిగింది. "సాంగ్, మేడం. ఇండియా సాంగ్" అన్నాను. వాయిద్యాల్లేవు, తాళం లేదు, ఇదేం పాట అని గద్దించింది. "సాడ్ సాంగ్, మేడం" అన్నాను. అద్దంలో చూద్దును కదా, అక్క చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లలో ఆవిడ నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు అసలు సంగతి ఒప్పుకోవాలి. ఏడాది తిరిగేసరికి నాకు ఆ నలభై మూడో పాటంటే విసుగెత్తింది. నా కారులో నా పాటలు నేను వినే భాగ్యం లేకపోయిందని లోపల్లోపల గునిసేవాణ్ణి. (కారు నాది కాదు. అది వేరే విషయం.) ఒక శుక్రవారం కొత్త పాటలు వచ్చాయని తెలిసి షాపుకి పరిగెత్తాను. బాబాయి పెన్‌డ్రైవ్ గుచ్చి చూసి, "ఇది నిండిపోయిందిరా అబ్బాయ్. మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించేత్తాను. ఇందులో దాచుకోవాల్సిందేవన్నా ఉందేంట్రా?" అన్నాడు. వెనక పదిమంది తోసుకుంటున్నారు. "ఏం లేదు బాబాయ్. ఖలాస్!" అన్నాను, రెండు చేతులూ దులుపుతూ. ఏదో పెద్ద షేకు నౌకలు అమ్మేసినట్టు దులిపాను. తిరుగు బస్సులో సగం దారిలో గుర్తొచ్చింది. దిగి, ఎండలో ఎదురు బస్సు పట్టుకుని వెనక్కి వెళ్తే బాబాయి తలడ్డంగా ఊపాడు. "దాని మీద కొత్తవి పడిపోయాయిరా. ఇంక రాదు" అన్నాడు. అక్క ఫోను అప్పటికే బట్టల బకెట్లో పడి పాడైంది. ఊళ్లో ఆడపడుచు కూడా ఫోను మార్చేసింది. ఆ పిల్ల అన్న ఆ మాటలు ఇక ఎక్కడా లేవు.

వారం రోజులు నేనాడని అబద్ధం లేదు. స్టీరియో పాడైందన్నాను, ఫ్యూజు పోయిందన్నాను, వేడికి దాని గొంతు పూడుకుపోయిందన్నాను. కారులో ఏ పాటా పెట్టకుండా శవయాత్రకి వెళ్తున్నట్టు నడిపాను. మరోవైపు రహస్యంగా ఊరికి ఫోన్ చేసి, అవే మాటలు పిల్ల చేత మళ్లీ చెప్పించి పంపమని ఆడపడుచుని బతిమాలాను. ఆవిడ పాపం పంపింది. శుక్రవారం బాబాయి చేత ఎక్కించుకుని, మర్నాడు స్టీరియో బాగైందని గొప్పగా ప్రకటించి పెట్టాను. "కువైట్ అమ్మా, యెప్పుడొస్తావు? యెర్రగౌను తీసుకురా" అంది పిల్ల, బళ్లో పాఠం చదివినట్టు. వెనక నుంచి ఎవరో అందిస్తున్నారు కూడా. అక్క ముందుకి వంగి స్టీరియో కేసి చూసింది.

"ఇది ఇప్పటిది. ఇప్పుడు వాళ్లత్తని అమ్మంటాంది. నేను కువైట్ అమ్మని. నన్ను ఉత్త మా అనింది దాంట్లోనే తమ్ముడా. అది యాడ?"

"పోయిందక్కా. నేనే తీసేయించేశాను. ఉందన్న సంగతే మర్చిపోయానండి."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "పోతే పోనీలే నాయనా, నువ్వేం కావాలని చేస్తివా" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. స్టీరింగ్ పట్టుకున్న నా చేతులు చూసుకుంటే నాకే అసహ్యం వేసింది.

అక్క పక్కనే కూర్చున్న మేడం కూతురికి ఏమీ తోచలేదు. రోజూ వచ్చే పాట ఏదని నన్ను అరబీలో అడిగింది. లేదు, ఖలాస్ అన్నాను. ఆ పిల్ల మూతి ముడుచుకుని, సీటు మీద కాళ్లాడిస్తూ తనే అందుకుంది. "మా, యెప్పుడొస్తావు మా? నాకి యెర్రగౌను తెస్తావా? బిన్నా రా మా!" రాయచోటి యాస, ఆ సాగదీత, చివర్న ఆ గద్దింపు, ఏదీ పోలేదు. ఒక్క ముక్కకి అర్థం తెలియకుండా ఏడాదిపాటు విని అచ్చంగా పట్టేసింది. అక్క గభాలున తిరిగి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. "మర్రా సానియా హబీబ్తీ," ఇంకొక్కసారి తల్లీ, అని అడిగింది. పిల్ల మళ్లీ చెప్పింది. నేను జమియా దాటిపోయి, రౌండబౌట్ చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఎందుకాలస్యమైందని మేడం ఆ రోజు పెట్టిన చీవాట్లు నాకు సరిగ్గా చెవిన పడనే లేదు.

అదీ ఎంతోకాలం సాగలేదు. ఆ పిల్ల బడికి వెళ్లడం మొదలెట్టాక ఆ పాట మర్చిపోయింది. అక్క ఊరికి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. కూతురు కాలేజీలో చదువుతోంది. తల్లిని అమ్మా అనే పిలుస్తుందట, కానీ అడిగినదానికి జవాబు తప్ప తనంతట తను మాట్లాడదట. నేనిప్పుడు సులైబియాలో గోదాముల సరుకు తోలుతున్నాను. నలభై రెండు పాటల్లో ఒక్కటీ పూర్తిగా గుర్తులేదు. చేతులు దులిపిన ఆ మొనగాడు ఎదురుపడితే చెంప మీద ఒకటి వేసి, ఆనక పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇప్పించాలనిపిస్తుంది. ఎప్పుడైనా శుక్రవారం అక్క ఫోన్ చేస్తుంది. యోగక్షేమాలన్నీ అయ్యాక, "తమ్ముడా, ఆ మాట ఒకసారి చెప్పు" అంటుంది. బండి పక్కకి ఆపుతాను. నెరిసిన మీసం ఒకసారి తుడుచుకుని, గొంతు సన్నం చేసి, "మా, ఎప్పుడొస్తావు మా?" అంటాను.

"అట్ల కాదు నాయనా. అది మీ గోదారి మాట. ఇంగొకసారి చెప్పు" అంటుంది అక్క. మళ్లీ చెప్తాను.