ఇల్లు అడగని చాబీల తాత

మా చాబీల తాత పోయారు. శనివారం ఆఫీసుకు వెళ్తూ, నాంపల్లి స్టేషన్ దారిలో ఆయన తాళంచెవులు కోసే డబ్బా కొట్టు మూసి ఉండటం చూసి జ్వరమేమో అనుకున్నాను. పక్క టీ కొట్టాయన పాలగిన్నె దించుతూ, "మీకు తెల్వదా మేడం? మొన్న బేస్తవారమే పోయిండు. దవాఖానకు తీస్కపోయే లోపట్నే..." అన్నాడు. ఇల్లెక్కడ అని అడిగాను. "అదైతే నాకు గూడ తెల్వది. ఉస్మాన్‌గంజ్ దిక్కు అంటరు" అన్నాడు. ఇరవై రెండేళ్ల పరిచయం మాది. ఆయన ఇల్లు నాకు తెలియదు, మా ఇల్లు ఆయనకు తెలియదు. అలా ఉండాలన్నది ఆయన పెట్టిన నియమమే.

ఆ నియమం మొదట మా నాన్నకు తగిలింది. అప్పుడు అబిడ్స్‌లో కొత్తగా అద్దెకు దిగాం. మా నాన్న కోస్తా మనిషి. ఎదుటివాళ్లు రెండు నిమిషాలు నిలబడి వింటే చాలు, ఇంటిపేరుతో మొదలుపెట్టి తాతల దాకా వెళ్లిపోతారు. మారు తాళంచెవి కోసం తాత దగ్గరకెళ్లి, "అదేనండీ, స్వీటు షాపు వెనక సందులో రెండో అంతస్తు..." అంటుండగానే తాత రెండు చెవులూ గట్టిగా మూసుకున్నారు.

"జర ఆగున్రి సార్! చాబీ ఇచ్చినంక ఇల్లు చెప్పొద్దు. రెండూ ఒక్క మనిషికి తెల్వొద్దు."

నాన్న దారి పొడవునా నవ్వుతూనే ఉన్నారు. ఆ నియమం ఎందుకో తర్వాత అర్థమైంది. ఊరూ పేరూ తెలియని వాళ్లు ఇంటి తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, బేగం బజార్‌లో పనులు చూసుకుని తీరిగ్గా వచ్చేవారు. చీటీ లేదు, టోకెన్ లేదు. తాత ముఖం చూసి మేకు మీంచి తీసి ఇచ్చేవారు.

ఆ తాతకు ఒకటే పిచ్చి, బాస్కెట్‌బాల్. సాయంత్రం డబ్బా మూసి వెనక వీధి గ్రౌండ్‌కు వచ్చేవారు. ఆ గ్రౌండ్‌లో ఆడే అమ్మాయిల జట్టులో నేనొకదాన్ని. ఆయన బంతిని తాకగా చూసింది ఒక్కసారే. దొర్లుకుంటూ కాళ్ల దగ్గరికొస్తే, చేతులకున్న ఇనుప రజను ప్యాంటుకు తుడుచుకుని, పసిబిడ్డను అందించినట్టు అందించారు. అరవడం మాత్రం అందరికంటే ఎక్కువ. "బోర్డుకు కొట్టు బిడ్డా, బోర్డుకు! బోర్డు మోసం చెయ్యది!"

బోర్డు మోసం చేయలేదు గానీ మేమే ఎప్పుడూ గెలవలేదు. ఊళ్లో జరిగే పోటీలకు ఏటా వెళ్లేవాళ్లం, ఏటా ఓడి వచ్చేవాళ్లం. ఓడిన ప్రతిసారీ తాతది ఒకటే మాట. "చాబీల ఆకురాయి గీత ఇంకోటి తక్కువైంది, గంతే. వచ్చే ఏడు తిరుగుతది." ఒక ఏడు చివరి క్షణంలో నా చేతిలోంచి బంతి జారి ఓడిపోయాం. ఏడుస్తూ నడుస్తుంటే తోడొచ్చారు. మా సందు మొదట్లోకి రాగానే, "ఇగ నువ్వు పో బిడ్డా. నేను గింతవరకే" అని వెనక్కి తిరిగారు.

నా పెళ్లికి పిలిస్తే, "ఫంక్షన్ హాల్ అయితే వస్త, ఇంటికాడ అయితే రాను" అన్నారు. వచ్చారు. డబుల్ కా మీఠా రెండుసార్లు వేయించుకుని, మా ఆయనను "బాస్కెట్‌బాల్ ఆడ్తవా?" అని అడిగారు. ఆడనన్నాడు. అప్పుడు తాత ముఖం చూడాలి!

లక్డీకాపూల్‌లో ఉద్యోగం వచ్చాక, ఆదివారాలు నేనే చిన్న పిల్లలకు ఆట నేర్పేదాన్ని. వాళ్లూ ఓడారు. తాత వస్తూనే ఉన్నారు. ఎప్పుడో ఒకసారి ఈ గ్రౌండ్ పిల్లలు కప్పు ఎత్తగా చూడాలని ఆయన కోరిక. రెండేళ్ల క్రితం ఆ స్థలం కోర్టు కేసులో పడింది. గేటుకు తాళం వేశారు. ఆ తాళానికి మారు చాబీలు కావాలని వాచ్‌మన్ అసలు చాబీ తెచ్చి ఇచ్చింది కూడా తాతకేనట. రెండు అడిగితే రెండు కోసి ఇచ్చేశారట. టీ కొట్టాయన చెప్పగానే నాకు ఒళ్లు మండిపోయింది. నేరుగా వెళ్లి అడిగాను.

"మూడోది కోసి పెట్టుకుంటే ఏం పోయేది తాతా? పిల్లలు ఆడుకునేవాళ్లు కదా!"

ఆయన ఆకురాయితో ఏదో చాబీ అరగదీస్తున్నారు. తల ఎత్తలేదు.

"మీ ఇంటిది గూడ నేనే కోసిన గద బిడ్డా. ఎన్ని కోసిన?"

"రెండు."

"రెండే అని నీకెట్ల తెల్సు?"

మూడో చాబీ మాట అక్కడే వదిలేశాను. "మరి వచ్చే ఏడైనా తెరుస్తారంటావా?" అన్నాను. ఇంకో గీత తక్కువైందంటారని ఎదురుచూశాను. అనలేదు. "అసల్ తాళమే వేరేమో బిడ్డా. గిన్నేండ్లు ఊకెనే గీతలు పెట్టుకుంట వచ్చినం" అన్నారు. ఆ మాట విన్నాక నేను కూడా కోర్టు సంగతి వాకబు చేయడం మానేశాను. పిల్లలు ట్యూషన్లలో పడిపోయారు. తాత మాత్రం సాయంత్రాలు గేటు బయట కాసేపు నిలబడి వెళ్లేవారని టీ కొట్టాయన చెప్పాడు.

శనివారం ఆఫీసు నుంచి వస్తూ నేనూ అక్కడికి వెళ్లాను. రింగుకు వల లేదు. బోర్డు ఒక పక్కకు ఒరిగింది. తాళం తుప్పు పట్టింది. ఏమనుకున్నానో ఏమో, బ్యాగులోంచి తాత కోసిచ్చిన మా ఇంటి చాబీ తీసి అందులో పెట్టాను. సగం దాకా వెళ్లి ఆగిపోయింది. ఎవరైనా చూశారేమోనని సిగ్గేసి, లాక్కుని వచ్చేశాను.

ఇంటి దగ్గర తలుపు ఒక్క తిప్పుకే తెరుచుకుంది.