లినక్స్ ఫోను ఆసామి

మణుగూరులో లినక్స్ ఫోనులో, అంటే కంప్యూటర్‌లాగా అక్షరాలు కొట్టి నడుపుకునే ఫోనులో, మొట్టమొదట మాట్లాడినవాణ్ని నేనే. మాట్లాడటమంటే, మా పక్క క్వార్టర్ ఎలక్ట్రీషియన్ చేతిలోంచి లాక్కుని ఒక్క హలో అన్నాను. అదీ అవతలికి వినపడలేదు.

ఆయన దాన్ని ఏళ్ల తరబడి వాడాడు. కాల్ వస్తే చాలాసార్లు గొంతు వచ్చేది కాదు. "ఆగుర్రి, లేస్తది" అంటూ నల్లటి తెర మీద బొటనవేలితో ఏవో అక్షరాలు కొట్టేవాడు. వేరేది కొనుక్కోవయ్యా అంటే, "ఇది నా మాట తప్ప ఎవరి మాట వినదు కాకా" అని నవ్వేవాడు.

గోదావరి పొంగి భద్రాచలం బస్సులు ఆగిపోయిన రోజు, అక్కడి దవాఖానాలో వాళ్లమ్మ పోయింది. మా వంటింటి కిటికీ పక్కన నిలబడి చేసిన ఆఖరి కాల్‌లో తన గొంతు అవతలికి పోలేదని, ఫోను మోసం చేసిందని నాతో చెప్పాడు. దాన్ని మళ్లీ ముట్టలేదు. కొన్నాళ్లకే బదిలీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ ఫోనును నేను కాలనీ అంతా తిట్టిపోశాను, తిట్టినప్పుడల్లా కథకు ఇంకొంచెం కలిపాను కూడా.

మొన్న భద్రాచలం బస్టాండులో ఆయన చెల్లెలు కనపడితే ఆమె ముందూ అదే మొదలుపెట్టాను. ఆ రోజు తల్లి చెవి దగ్గర ఫోను పట్టుకున్నది ఆమేనట.

"ఫోన్‌నెందుకు తిడ్తవ్ కాకా? మీ ఇంట్ల కుక్కర్ కూత సుత మంచిగ వినొచ్చింది. అమ్మ పిలుస్తనే ఉన్నది. అన్ననే నోరు తెరవలే."