సెన్సార్ బాబాయ్ మెచ్చని ఫొటో

సెన్సార్ బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఫొటో కనబడితే వంక పెట్టకుండా ఉండలేడు. పెళ్లి ఆల్బమైనా, మందు సీసా మీది బొమ్మైనా ఆయన కంటికి ఒకటే. పరామర్శకు వెళ్లి, పోయినాయన పటం ముందు నిలబడి, "వెలుతురు ఎడమ నుంచి పడుంటే ముక్కు ఇంత బండగా వచ్చేది కాదు" అన్నాడంటే ఇక చెప్పేదేముంది! భార్య చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

అలాంటి మనిషి తనకు జరిగిన అన్యాయాన్ని మాత్రం నోరెత్తకుండా భరించాడు. ప్రదర్శనకని ఆయనిచ్చిన కూరగాయలావిడ బొమ్మను ఫొటో క్లబ్బువాళ్లు తిప్పి పంపారు. "ముఖం మరీ నల్లగా ఉంది, కాస్త తెలుపు చేసి పట్రండి" అన్నారు. ఆవిడ నలుపే. ఎండలో నిగనిగలాడే నలుపు. బాబాయ్ బొమ్మను గుడ్డలో చుట్టుకుని ఇంటికొచ్చేశాడు.

ఆయన కెమెరా ఎప్పుడో తయారీ ఆపేసిన రకం. వెలుతురును పట్టే సెన్సార్ అందులో ఒకదాని మీద ఒకటి మూడు పొరలు. "రంగుకో పొర! మిగతా కెమెరాలు సగం చూసి సగం ఊహిస్తాయి. ఇది ఊహించదు" అని కనబడ్డవాళ్లకల్లా పాఠం చెప్పేవాడు. కాకపోతే నీడలో దానికి రేచీకటి. ఒక్క ఫొటోను లోపల దాచుకునేసరికి వేడి టీ చల్లారిపోయేది.

"ఇంట్లో అద్దం తుడవరు గానీ, దాన్ని మాత్రం పూటపూటా తుడుస్తారు" అనేది భార్య.

"అద్దం కుడిని ఎడమ చేస్తుందే. ఇది ఉన్నదున్నట్టు చూపిస్తుంది."

ఒకరోజు కెమెరా భుజాన వేసుకుని భార్యతో బస్సెక్కాడు. పక్క సీట్లో ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆవిడ కూర్చుంది. మెడలో గుర్తింపు కార్డు. భార్య ఆయన చెయ్యి పట్టుకోబోయింది. ఆపేలోపే బాబాయ్ అననే అన్నాడు.

"అమ్మా, ఈ ఫొటో ఏం బాలేదు."

"నా మొహానికేమొచ్చిందంట?" ఆవిడ కస్సుమంది.

"నీ మొహం లక్షణంగా ఉంది. ఇందులో ఉన్నది నువ్వు కాదు. సున్నం కొట్టేశారు."

ఆవిడ కోపం ఇట్టే దిగిపోయింది. "గేటు దగ్గర మెషినూ అదే అంటోంది బాబాయ్! మొహం చూపిస్తే నేను కాదంటోంది. స్టూడియోవాళ్లు మా అందర్నీ ఇలాగే తెల్లగా చేసి పడేశారు. రోజంతా దుప్పట్లుతికినా గైర్హాజరే. ఇంకోసారి పడితే పన్లోంచి తీసేస్తారంట."

"ఏమండీ, మన స్టాప్ దాటిపోయింది."

"పోనీ. ఆసుపత్రి దగ్గరే దిగుదాం."

అక్కడి సూపర్‌వైజర్ బాబాయ్ కొత్త ఫొటోలు తీసిస్తానన్నా తల కూడా ఎత్తలేదు. "స్టూడియో ఫొటోలే చెల్లుతాయి. వెళ్లండి."

బాబాయ్ వెళ్లలేదు. ఎదుటి కుర్చీలో కూర్చుని గోడకేసి చూశాడు.

"సార్, ఆ ఫొటోలో మీ తలలోంచి కరెంటు స్తంభం మొలిచింది."

సూపర్‌వైజర్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"పక్కనావిడ మీ శ్రీమతా? కళ్లు మూసుకున్నారు. ఆ సన్మానం ఫొటోలో పెద్దాయనకు చెవి తెగిపోయింది."

ఎప్పుడూ చెయ్యి పట్టి లాక్కెళ్లే భార్య, ఈసారి ఇంకో కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది. "ఏమండీ, ఆ మూల ఇంకోటుంది, చూశారా?"

"తియ్యండి మహాప్రభో!" సూపర్‌వైజర్ దణ్ణం పెట్టేశాడు. "మెషిన్ ఒప్పుకుంటే మార్చేస్తాను."

కెమెరాకు ఎండ కావాలి గనుక లాండ్రీవాళ్లంతా పెరట్లోకి నడిచారు. ముఖాల మీద నీడలు పడకుండా, ఉతికిన తెల్ల దుప్పట్లను రెండు పక్కలా తెరల్లా పట్టుకున్నారు. ఒక కొస భార్య చేతిలో. "కదలొద్దు! నవ్వొద్దు!" అని బాబాయ్ అరిచినప్పుడల్లా దుప్పట్ల వెనక నవ్వులు. కెమెరా ఒక్కో ముఖాన్నీ తాపీగా దాచుకుంటుంటే, తర్వాతావిడ జడ సవరించుకుంటూ నిలబడింది.

మర్నాడు కొత్త ఫొటోలు ఎక్కించాక, లాండ్రీ ఆవిడ గేటు దగ్గర మొహం చూపించింది. మెషిన్ కాసేపు ఆలోచించింది. పచ్చదీపం వెలిగింది.

"నేనేనంట!" అని అరిచిందావిడ. వెనకున్నవాళ్లు తోసుకుంటూ ముందుకొచ్చారు.

సొంత మొహంతో పన్లోకెళ్లడానికి ఇంత యుద్ధమా? ఎన్ని గేట్ల దగ్గర ఇంకెందరు ఇలా నిలబడిపోతున్నారో! బాబాయ్ ఒక్కడు, కెమెరా ఒక్కటి, అదీ నీడలో పనిచెయ్యదు. అందుకే మిమ్మల్ని అడగాల్సి వస్తోంది. ఈసారి స్టూడియోలో మీ రంగు మార్చిస్తే పుచ్చుకోకండి. మళ్లీ తీయమనండి. తీసేదాకా కుర్చీలోంచి లేవకండి.